ఒక్క గంటైనా

సెతూబల్ రేవులో నేను లెక్కలవాణ్ణి.
చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిలు,
ముప్ఫై ఆరేళ్లపాటు ఒకటే ప్రశ్న:
"పోయిన వారం
కూలికి ఒక్క గంటైనా పని చేశారా?"

అవునంటే ఒక గడి.
కాదంటే ఇంకో ప్రశ్న: "వెతుకుతున్నారా?"
వెతుకుతుంటే శ్రామికుల్లోనే జమ.
వెతకడం మానేసినవాడు
ఎదురుగానే ఉంటాడు, కాఫీ కూడా పోస్తాడు,
లెక్కలో మాత్రం ఉండడు.

మొదటి ఏడు, మెట్లవీధిలో జుల్మీరా తలుపు.
ఏడుగురు పిల్లలు, నాలుగు జతల చెప్పులు.
మోచేతులదాకా చేప పొలుసులు.
అడిగితే నవ్వింది:
"నేనా? పని మా ఆయన చేస్తాడు. నేను ఇంట్లోనే."
నేను రాసుకుంటుండగానే
డబ్బాల ఫ్యాక్టరీ సైరన్ కూసింది,
కవళ్ల పడవ ఒడ్డుకొచ్చిందని.
కత్తిని ఏప్రన్‌లో చుట్టుకుని
నన్ను గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తింది.
"ఇంటిపని" గడి తుడిచి పై గడిలో టిక్కు పెట్టాను.
రబ్బరు రుద్దినచోట కాగితం పలచబడింది.
ఆ వారం దేశానికి ఒక మనిషి పెరిగింది,
ఎవరూ పుట్టకుండానే.

ఆ రోజుల్లో పెరగడమే తెలుసు.
అంగోలా నుంచి చెక్కపెట్టెలతో దిగినవాళ్లు,
సైన్యంనుంచి తిరిగొచ్చి
యూనిఫాం ప్యాంటుతోనే ఇటుకలు మోసినవాళ్లు,
పదిహేనేళ్లకే గడ్డం గీసుకుని
పద్దెనిమిదని చెప్పినవాళ్లు.
సాయంత్రానికి అట్ట బరువుకి
మణికట్టు లాగేసేది.

తర్వాత గీత నెమ్మదించింది.
ఆఫీసులో కొత్త కుర్రాడు అడిగాడు,
"పెరుగుదల తగ్గిందంటే జనం తగ్గినట్టా?"
కాదురా అబ్బీ,
మెట్లెక్కే మనిషికి ఆయాసం వచ్చింది,
ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు.
దిగడం వేరు.

జుల్మీరా ఏడుగురికీ కలిపి
మనవలు నలుగురే.
ఆఖరి మనవరాలు ఆల్దినాని అడిగితే
పుస్తకంలోంచి తలెత్తకుండా
"చదువుకుంటున్నా" అంది, ఇరవై మూడేళ్లకి.
ఆ వయసుకి వాళ్ల అవ్వ
ఎన్ని లక్షల తలలు కోసి ఉంటుందో!
ఆ పిల్ల చదివినన్నాళ్లూ
దేశానికి ఒక మనిషి తక్కువ.
ఆ తక్కువలో, నిజం చెప్పొద్దూ,
నాకే తప్పూ కనబడలేదు.
లిస్బన్‌లో పెద్దలకు కనబడింది.

ఫ్యాక్టరీ మూసేశారు. సైరన్ ఉంచారు,
పర్యాటకుల కోసం.
ఒకేడు అంకె ముందు చిన్న అడ్డగీత వచ్చింది,
గాలికి కొట్టుకొచ్చిన గడ్డిపరకంత.
తుడవబోయాను, మురికేమో అనుకుని.
ఆ నెలే నా రిటైర్మెంటు.
ఆ గీతలో నేనూ ఒక పోగునన్నమాట.

ఇప్పుడు జుల్మీరా ఇంటి గుమ్మంలో
తొమ్మిది జతల బూట్లు.
రెండు జతలు పగలు నిద్రపోతాయి,
మిగతావి స్ట్రాబెర్రీ తోటలకి పోతాయి.
నేపాల్ కుర్రాళ్లు.
గీత మళ్లీ తలెత్తిందట, పేపర్లో వేశారు.
వేసినవాడు ఈ మెట్లెక్కి ఉండడు.

నిన్న నా తలుపు కొట్టారు.
నేలియా అట, చేతిలో అట్ట లేదు, పలకలాంటి తెర.
"తాతగారూ, పోయిన వారం
కూలికి ఒక్క గంటైనా పని చేశారా?"
నవ్వొచ్చింది. జుల్మీరా నవ్విన నవ్వే.
లేదమ్మా అనబోయి ఆగాను.
మంగళవారం టేకేంద్రకి
నివాసం కాగితాలు నింపిపెట్టాను.
మూడు గంటలు పట్టింది, మూడుచోట్ల కొట్టివేతలు.
డబ్బిస్తే వద్దన్నాను.
మర్నాడు పేపర్లో చుట్టి ఏదో తెచ్చాడు,
గాజుల్లా గుండ్రంగా, ఇంకా వేడిగా.

ఆమె వేలు తెరమీద ఆగి ఉంది.
కూలి డబ్బుగా ముట్టినా, వస్తువుగా ముట్టినా ఒకటే.
ఆ రూలు ఎన్ని గుమ్మాల్లో
నేనే వల్లించలేదు?

"ఆరు సెల్ రోటీలు" అన్నాను.
"రాసుకో."